నేను చూసిన బొంబాయి

నాలుగూళ్ళు తిరిగితే లోకజ్ఞానం కలుగుతుందని పెద్దలు చెప్తారు. మన సిద్దిపేట విద్యార్థికి తిరగడానికి సాధారణంగా ఉండేవి రెండే ఊళ్ళు: ఒకటి సొంత పల్లె, రెండోది హైదరాబాదు. ఇక సముద్రం సంగతి చెప్పనక్కరలేదు. సాయంత్రం కోమటిచెరువు కట్ట మీద కూర్చుని ఇదే మన సముద్రమని తృప్తిపడేవాళ్ళం. 2020లో రంగనాయక సాగర్‌కు నీళ్ళొచ్చాక ఆ తృప్తి కాస్త పెరిగింది. అటువంటి నేను కిందటి సంక్రాంతి సెలవుల్లో బొంబాయి వెళ్ళి, నాలుగు రోజులుండి వచ్చాను. ఆ ఊరి పేరు 1995లో ముంబై అయింది గానీ మా ఇంట్లో ఇప్పటికీ అది బొంబాయే. "ఏమేం చూసినవో రాయి, మేం గూడ పోతం" అని మిత్రులు కొందరు అడిగారు. చూసినవీ, చూసినవాటి వెనుక తెలుసుకున్నవీ కలిపి రాస్తున్నాను.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. మాది దుబ్బాక దగ్గరి పల్లె. తాత మగ్గం నేసేవాడు. మా పెద్దబాపు 1974లో, పద్దెనిమిదేండ్ల వయసులో బొంబాయి వెళ్ళి బట్టల మిల్లులో కుదిరాడు. అప్పటి నుంచీ ఆయన ఉండేది కామాటిపురాలో. ఆ పేరు వినగానే జనం ఒక రకంగా నవ్వుతారు. సినిమాలు చూసి నవ్వేవారు కొందరు, ఏమీ తెలియకనే నవ్వేవారు కొందరు. అందుకని హాస్టల్లో "బొంబాయిల ఎక్కడ దిగుతవురా?" అని అడిగితే నేను "బైకుల్లా" అన్నాను. బైకుల్లా పక్కనే కాబట్టి అది పూర్తి అబద్ధం కాదు. నిజమైతే అసలే కాదు. ఈ వ్యాసం ఆ మాటకు ప్రాయశ్చిత్తం అనుకోండి.

ప్రయాణం

సిద్దిపేటకు 2023 అక్టోబరులో రైలు వచ్చింది గానీ అది సికింద్రాబాదు వరకే. నేను బస్సులో హైదరాబాదు చేరి, నాంపల్లి స్టేషనులో మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. అది వాడి, గుల్బర్గా, షోలాపూర్, పూనాల మీదుగా పోయి తెల్లవారేసరికి బొంబాయి చేరుస్తుంది. నిజామాబాదు, ఔరంగాబాదుల మీదుగా వెళ్ళే దేవగిరి ఎక్స్‌ప్రెస్ కూడా ఉన్నది. రాత్రి షోలాపూర్ స్టేషనులో కిటికీ బయట తెలుగు మాటలు వినబడ్డాయి. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. మా నేతవాళ్ళ ఇళ్ళలో షోలాపూర్, భీవండి, సూరత్, బొంబాయి అనే పేర్లు నాలుగు దిక్కుల పేర్లలాగా వినిపిస్తాయి. మగ్గం మీద పొట్ట గడవని ఇంట్లో ఎవరో ఒకరు ఈ నాలుగింటిలో ఏదో ఒక దిక్కుకు పోయి ఉంటారు.

పెద్దబాపు ఫోనులో ముందే చెప్పాడు: "ఖండాలా కాడ నిద్రవోకు బిడ్డా, లేసి కిటికీ కాడ గూసో." లేచి కూర్చున్నాను. చీకట్లో పెద్దగా ఏమీ కనబడలేదు, సొరంగాల చప్పుడు మాత్రం వినబడింది. దక్కను పీఠభూమి మీది నుంచి కొంకణ తీరానికి రైలు దిగే భోర్ ఘాట్ అది. కొండను తొలిచి, లోయలకు వంతెనలు వేసి ఈ దారిని 1863లో పూర్తి చేశారు. పనిలో ప్రమాదాల వల్ల, కలరా వంటి జబ్బుల వల్ల వేలాది కూలీలు అక్కడ చనిపోయారు. ఇవాళ మనం ఆ ఘాటును నిద్రలోనే దాటేస్తాము.

ఏడు దీవులు ఒక్క ఊరైన విధం

బొంబాయిని అర్థం చేసుకోవాలంటే మొదట ఒక సంగతి తెలియాలి. అది మొదట ఒక ఊరు కాదు, ఏడు దీవులు: కొలాబా, చిన్న కొలాబా, బొంబాయి, మజ్‌గావ్, పరేల్, వర్లీ, మాహిమ్. అక్కడ పాతకాపులు కోలీలనే జాలర్లు. వారి దేవత ముంబాదేవి పేరు మీదనే ముంబై అనే పేరు వచ్చింది. పోర్చుగీసు వారు 1661 నాటి పెండ్లి ఒప్పందంలో ఆ దీవులను ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్‌కు కట్నంగా ఇచ్చారు. రాజుగారికి దాని విలువ తెలియలేదు. 1668లో ఏడాదికి పది పౌండ్ల కిరాయికి ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు.

దీవుల మధ్య ఆటు వేళ బురద, పోటు వేళ సముద్రం. వర్లీకీ మహాలక్ష్మికీ మధ్య ఉన్న పెద్ద గండిలోంచి నీళ్ళు లోపలికి వచ్చేవి. విలియం హార్న్‌బీ అనే గవర్నరు 1782లో ఆ గండికి కట్ట వేసే పని మొదలుపెట్టించాడు. దానికి హార్న్‌బీ వెల్లార్డ్ అని పేరు వచ్చింది. ఇప్పుడు హాజీ అలీ దర్గా దగ్గర మనం నడిచే సముద్రపు రోడ్డు అదే. కట్ట పడగానే లోపలి బురదనేల మెల్లగా ఎండింది. మన దగ్గర చెరువుకు కట్ట వేసేది నీళ్ళు నిలవడానికి. అక్కడ కట్ట వేసింది నీళ్ళను రానీయకుండా ఉండటానికి. తట్ట, పార, మట్టి, రాయి మాత్రం రెండు చోట్లా ఒకటే.

అట్లా తేలిన భూమిలో 18వ శతాబ్దం చివర కొందరు పనివాళ్ళు గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళు నిజాము రాజ్యం నుంచి, అంటే మన వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు. మట్టి ఎత్తడం, రాయి కొట్టడం, గోడ కట్టడం వారి పని. వారిని కామాటీలు అన్నారు, వారున్న చోటు కామాటిపురా అయింది. తరువాతి కాలంలో అక్కడి కొన్ని గల్లీలలో వేశ్యావాటికలు ఏర్పడ్డాయి. దిక్కులేక అక్కడికి చేరిన ఆడవాళ్ళ కష్టం చూసి నవ్వవలసింది ఏమీ లేదు. కానీ లోకం ఆ ఒక్క సంగతే పట్టుకుని, ఆ పేరు ఎవరి వల్ల వచ్చిందో మరిచిపోయింది.

ఇంతకూ కామాటి అనే మాట మనకు కొత్తది కాదు. మన హాస్టళ్ళలో కుక్, కామాటి, వాచ్‌మన్ అని మూడు పోస్టులు ఉంటాయి. "కామాటీ, నల్లా వస్తలేదు" అని రోజూ కేకలు వేస్తూనే ఉంటాము. ఆ మాటకూ బొంబాయికీ సంబంధం ఉన్నదని నాకు అక్కడికి పోయేదాకా తట్టలేదు.

మొదటి రోజు: కోట ప్రాంతం

రైలు దిగిన స్టేషనే మొదటి చూడదగిన స్థలం. పూర్వం విక్టోరియా టెర్మినస్, ఇప్పుడు ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్. ఎఫ్.డబ్ల్యూ. స్టీవెన్స్ గీసిన నమూనా ప్రకారం 1878లో పని మొదలై పూర్తి కావడానికి పదేండ్లు పట్టింది. రాతి మీద చెక్కిన ఆకులు, జంతువులు, పక్షులు చూస్తుంటే అది స్టేషనా గుడా అని అనుమానం వస్తుంది. ఆ చెక్కడపు పనిలో బొంబాయి ఆర్ట్ స్కూలు విద్యార్థులు కూడా పాల్గొన్నారు. విద్యార్థుల చేతిపని 2004లో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కిందంటే మనకు గర్వమే కదా. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బయలుదేరింది కూడా ఈ పక్కనే ఉండిన బోరీ బందర్ నుంచి. థానా దాకా, 34 కిలోమీటర్లు.

పెద్దబాపు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. డెబ్బై దగ్గరి మనిషి, అయినా నా సంచి తానే అందుకున్నాడు. స్నానం, చాయ్ అయ్యాక ఫోర్టుకు తీసుకుపోయాడు. విశ్వవిద్యాలయం ఆవరణలోని రాజాబాయి గడియార స్తంభం ఎత్తు 280 అడుగులు, 1878లో పూర్తయింది. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అనే పత్తి వ్యాపారి తన తల్లి పేరున దానికి రెండు లక్షల రూపాయలిచ్చాడు. అంత డబ్బు ఎక్కడిది? 1861 నుంచి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరిగింది. అక్కడి పత్తి ఆగిపోయి ఇంగ్లండు మిల్లులు మన పత్తి కోసం ఎగబడ్డాయి, బొంబాయిలో డబ్బు వరదలా పారింది. యుద్ధం ఆగగానే ఎందరో దివాలా తీశారు. గజ్వేల్, దుబ్బాకల చుట్టూ పత్తి వేసే మన రైతులకు ఈ కథ చెప్పనవసరం లేదు. ఎక్కడో దూరదేశంలో ఏదో జరిగితే ఇక్కడ ధర లేస్తుంది, పడుతుంది.

అక్కడి నుంచి గేట్‌వే ఆఫ్ ఇండియా. 1911 డిసెంబరు 2న అయిదవ జార్జి చక్రవర్తి దిగిన జ్ఞాపకార్థం కట్టినదని దాని మీద చెక్కి ఉన్నది. తమాషా ఏమిటంటే ఆయన దిగిననాడు అక్కడ ఉన్నది అట్టతో చేసిన నమూనా మాత్రమే! జార్జి విట్టెట్ రూపకల్పనతో పసుపురంగు బసాల్ట్ రాతి కట్టడం లేచి, 1924 డిసెంబరు 4న ప్రారంభమయింది. 1948 ఫిబ్రవరి 28న చివరి బ్రిటిషు పటాలం ఆ ద్వారం గుండానే ఓడ ఎక్కి వెళ్ళిపోయింది. రాజు వచ్చినందుకు కట్టిన ద్వారం చివరికి రాజ్యాన్ని సాగనంపిన ద్వారం అయింది. ఎదురుగా 1903లో తెరిచిన తాజ్‌మహల్ హోటలు. లోపలికి పోలేదు గానీ ఎదురుగా కూర్చుని పల్లీలు తిన్నాము.

రెండవ రోజు: ఎలిఫెంటా గుహలు

గేట్‌వే దగ్గర లాంచీ ఎక్కితే సుమారు గంటలో ఘారాపురి దీవి చేరవచ్చు. దాన్నే ఎలిఫెంటా అంటారు. సోమవారం మూసి ఉంటుంది, వెళ్ళేవారు గుర్తుంచుకోవాలి. వానకాలంలో సముద్రం బాగా లేకపోతే లాంచీలు నడవవు. మొదటిసారి సముద్రం మీద ఉండటం వల్ల నాకు కడుపులో తిప్పింది. పెద్దబాపు నిమ్మకాయ చేతిలో పెట్టి "కిందికి చూడకు, దూరం చూడు" అన్నాడు. ఆ వైద్యం పని చేసింది.

అక్కడి పెద్ద గుహ ఆరవ శతాబ్దం నాటిది. కట్టినది కాదు, కొండను లోపలికి చెక్కుకుంటూ పోయినది. స్తంభం కావలసిన చోట రాయిని వదిలి మిగతాది తీసివేశారు. ఒక్క దెబ్బ తప్పితే దిద్దుకునే వీలు లేదు. లోపల మూడు ముఖాల సదాశివుడు ఇరవై అడుగుల ఎత్తున ఉన్నాడు. ఒక ముఖంలో ఉగ్రం, ఒక ముఖంలో సౌమ్యం, మధ్యన కండ్లు మూసుకున్న ప్రశాంతత. అటూ ఇటూ అర్ధనారీశ్వరుడు, గంగాధరుడు. పోర్చుగీసుల కాలంలో చాలా విగ్రహాలు దెబ్బతిన్నాయి, అయినా ఆ మధ్య ముఖం ముందు మాట్లాడుతున్నవాళ్ళు కూడా గొంతు తగ్గిస్తారు. ఆ దీవికి ఎలిఫెంటా అనే పేరు రావడానికి కారణమైన రాతి ఏనుగు ఇప్పుడు బైకుల్లా తోటలో, భావు దాజీ లాడ్ మ్యూజియం పక్కన ఉన్నది.

"గింత పని చేసినోళ్ళు పేరు ఎందుకు చెక్కుకోలేదు పెద్దబాపూ?" అని అడిగాను. "కూలీ ముట్టినంక పేరెందుకురా అనుకున్నరేమో" అన్నాడాయన. కాసేపాగి, "ముట్టిందో లేదో" అని తనలో తాను అనుకున్నాడు.

మూడవ రోజు: ఆదివారం

ఆదివారం బొంబాయి అంతా సముద్రం ఒడ్డునే ఉంటుంది. మేము హ్యాంగింగ్ గార్డెన్స్ చూసి, మలబార్ హిల్ దిగి చౌపాటీకి వచ్చాము. భేల్‌పురి తిన్నాము. సూర్యాస్తమయం వేళ మెరీన్ డ్రైవ్ మీద దీపాలు వెలిగాయి. పెద్దబాపు మిల్లులో చేసిన రోజుల్లో పెద్దమ్మను, పిల్లలను తీసుకుని వారానికోసారి ఇక్కడికే వచ్చేవాడట.

ఈ ఆదివారం సెలవు కూడా ఊరికే రాలేదు. ఆ కథ నేను తిరిగి వచ్చాక మా చరిత్ర లెక్చరరు గారిని అడిగి, లైబ్రరీలో చూసి తెలుసుకున్నాను. బొంబాయిలో మొదటి నూలు మిల్లు కంపెనీ 1854లో పెట్టారు. తరువాత మిల్లులు పెరిగాయి, పనివాళ్ళకు మాత్రం వారపు సెలవు లేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన 1884లో మిల్లు కార్మికులను కూడగట్టి సంఘం పెట్టాడు. 1890 జూన్ 10న యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. లోఖండే జ్యోతిరావు ఫూలే అనుచరుడు. ఫూలే 1873లో పూనాలో స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో జాయా కరాడీ లింగు, వ్యంకు బాలాజీ కాలేవార్ వంటి తెలుగువాళ్ళు ఉన్నారు. కట్టడపు పనుల కోసం పోయినవాళ్ళు రాయీ సున్నంతో ఆగక, చదువు కోసం, సమానత్వం కోసం జరిగిన పనిలో కూడా చేయి వేశారన్నమాట.

ఆ సాయంత్రమే పెద్దబాపు హఠాత్తుగా అడిగాడు: "నువ్వు ఏడికి వోతున్ననని చెప్పినవ్ రా నీ దోస్తులకు?"

దాచలేకపోయాను. "బైకుల్లా అని చెప్పిన పెద్దబాపూ" అన్నాను.

కోపం వస్తుందనుకున్నాను. ఆయన నవ్వాడు. "నేను గూడ ఊరికి కార్డు రాసినప్పుడు మొదట్ల గట్లనే రాస్తుంటి. బైకుల్లా అని. మీ తాత అదే అడ్రసుకు జవాబు రాసిండు. ఆ కార్డు నాకు ముట్టనేలేదు. అమ్మకు బాగలేదని రాసిండట అండ్ల. నాకు తెల్సేటాలకు పది దినాలయింది." తరువాత చాలాసేపు సముద్రం వైపే చూస్తూ కూర్చున్నాడు.

నాలుగవ రోజు: పరేల్, కామాటిపురా

నాలుగవ రోజు పొద్దున బస్సులో వర్లీ వెళ్ళి 2009లో తెరిచిన సముద్రపు వంతెనను దూరం నుంచి చూశాము. 5.6 కిలోమీటర్ల పొడవు. 2024 జనవరిలో తెరిచిన అటల్ సేతు దీనికంటే చాలా పెద్దది, 21.8 కిలోమీటర్లు. పిమ్మట పరేల్. ఒకప్పుడు అక్కడ భోంగా మోగితే షిఫ్టు మారేదని, రోడ్డంతా మనుషులేనని పెద్దబాపు చెప్పాడు. ఇప్పుడు పొగగొట్టాల చోట అద్దాల మేడలు, మాల్స్ ఉన్నాయి. ఆయన పని చేసిన మిల్లు చోట గేటు ఒక్కటే మిగిలి ఉన్నది.

1982 జనవరి 18న, సంక్రాంతి అయిన నాలుగొద్దులకు, దత్తా సామంత్ నాయకత్వాన సుమారు రెండున్నర లక్షల మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. జీతం పెంచాలి, బోనసు ఇవ్వాలి, బదిలీ కార్మికులను పర్మనెంటు చేయాలి అన్నవి వారి కోరికలు. సమ్మె ఏడాదికి పైగా సాగింది. విరమించినట్టు ఎవరూ ప్రకటించనే లేదు. చాలామంది పని పోయి ఊళ్ళకు మళ్ళారు. పెద్దబాపు మళ్ళలేదు. ఊరికి వస్తే మళ్ళీ మగ్గమే, దాని సంగతి ఆయనకు తెలుసు. గల్లీలో ఒక చిన్న కార్ఖానాలో బట్టలు కుట్టాడు. పెద్దమ్మ బీడీలు చుట్టింది. ముగ్గురు పిల్లలను చదివించారు. మిల్లు కార్మికుడికి ఇల్లు ఇస్తారంటే రాసిన దరఖాస్తు రసీదు ఇప్పటికీ దేవుడి పటం వెనుక ఉన్నది.

సాయంత్రం కామాటిపురా చూపించాడు. బొంబాయి సెంట్రలుకూ గ్రాంట్ రోడ్డుకూ దగ్గరలో వరుసగా నెంబర్లు వేసిన గల్లీలు. అందరూ అనుకునేది ఒకటి, అక్కడ ఉన్నది మరొకటి. కార్ఖానాలు, పాతసామాను దుకాణాలు, గుళ్ళు, మసీదులు, బడికి పోయే పిల్లలు. పది అడుగుల గదిలో పైన అటక, కింద వంట. నల్లా దగ్గర ఇద్దరు ముసలమ్మలు మన యాసలోనే కొట్లాడుకుంటుంటే ఒక్క క్షణం నేను సిద్దిపేట మార్కెట్లో ఉన్నట్టు అనిపించింది. పెద్దమ్మ గొల్లభామ చీర కట్టుకుని శనివారపు పేట పెండ్లికి పోయినట్టు తయారై, నన్ను ప్రతి గడపకూ తీసుకుపోయి "మా మరిది కొడుకు, సిద్దిపేటల డిగ్రీ చదువుతుండు" అని చెప్పింది. బతుకమ్మ పండుగకు తంగేడు, గునుగు పూలు ఊరి నుంచి వచ్చే బస్సులో తెప్పించుకుంటారట. "పువ్వు వాడిపోతది గాని పండుగ వాడదు బిడ్డా" అన్నది.

వెళ్ళేవారికి నాలుగు మాటలు

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. లోకల్ రైలు ఎక్కేటప్పుడు అది ఫాస్టా స్లోనా చూసుకోవాలి, పొద్దున, సాయంత్రం ఆఫీసు వేళల్లో ఎక్కకపోవడమే క్షేమం. పటాలలో కనబడే కట్టడాలన్నీ చూడండి, అవి నిజంగా గొప్పవి. ప్రతి దాని మీదా కట్టించినవాడి పేరు, గీసినవాడి పేరు, తేదీ ఉంటాయి. ఎత్తినవాడి పేరు ఉండదు. ఒక్క కామాటిపురాకు మాత్రం ఎత్తినవాళ్ళ పేరే ఊరిపేరుగా నిలిచింది. ఆ పేరు చెప్పడానికే నేను సిగ్గుపడ్డాను.

తిరిగి వచ్చిన మర్నాడు హాస్టల్లో కామాటి పని చేసే ఆయనను పేరు అడిగాను. రెండేండ్లుగా ఆయన తోడిన నీళ్ళతో స్నానం చేస్తూ, పేరు అడగడం అదే మొదటిసారి. "ఏం పని వడ్డది సార్?" అని భయపడ్డాడు. ఏ పనీ లేదన్నాను. ఇప్పుడు పేరు పెట్టి, చివర అన్నా అని కలిపి పిలుస్తున్నాను.

మన విద్యార్థి సంఘం వారు వచ్చే ఏడాది విహారయాత్ర బొంబాయికి పెట్టే ఆలోచనలో ఉన్నారని విన్నాను. పెడితే చాలా సంతోషం. కార్యక్రమంలో గేట్‌వే, ఎలిఫెంటా, చౌపాటీలతో పాటు కామాటిపురా అని కూడా రాయవలసిందని మనవి. దిగడానికి చోటు దొరకకపోతే దిగులుపడవద్దు. మా పెద్దబాపు గది చిన్నది గానీ చాయ్‌కు సరిపోతుంది. అడ్రసు ఈసారి సరిగ్గానే చెప్తాను.